నిన్నటి జ్వరం... నేటి సెలవు చీటీ!

బళ్లో సెలవు చీటీ రాయకుండా పెద్దయిన తెలుగువాళ్లు అరుదు. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...' అని మొదలై 'థాంకింగ్ యూ సర్' అని ముగిసే ఆ నాలుగు ముక్కలూ అన్నయ్య పుస్తకంలోంచి తమ్ముడి పుస్తకంలోకి, అక్క నోట్సులోంచి చెల్లెలి నోట్సులోకి దిగుతూనే ఉన్నాయి. చిత్రమేంటంటే, చాలాసార్లు ఆ చీటీ మాస్టారి చేతికి చేరేది జ్వరం తగ్గి పిల్లాడు బడికొచ్చిన రోజునే. అంటే, ఎదురుగా నిక్షేపంలా నిలబడి 'నేను జ్వరంతో బాధపడుతున్నాను' అని కాగితం ఇస్తున్నాడన్నమాట! 'ఇంకా జ్వరమే అయితే బడికెందుకొచ్చావురా?' అని మాస్టారు అడిగితే తల గోక్కోవాల్సిందే. నిజానికి రాయాల్సింది 'ఐ హ్యాడ్ ఫీవర్ యెస్టర్డే' అని. జ్వరం నిన్నటిది. చీటీ మాత్రం దాన్ని ఇవాళ్టికీ దింపలేదు.

బళ్లో అయితే నవ్వుకుని వదిలేస్తారు. అదే పొరపాటు ఉద్యోగ దరఖాస్తులోకో, బ్యాంకుకు రాసే ఉత్తరంలోకో, బీమా కంపెనీకి పంపే ఈమెయిల్‌లోకో చేరితే? అక్కడ నవ్వేవాళ్లుండరు. రాసిందే నిజమనుకునేవాళ్లుంటారు.

ఆమె అబద్ధం ఆడలేదు... క్రియ ఆడింది

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గంలో వేమూరు ఒక స్టేషను. ఈ లైను 1916 నాటిది. ఆ ఊళ్లో ఓ ఇల్లు అనుకుందాం. డిగ్రీ పూర్తిచేసిన మనవరాలు, తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన తాతయ్య. అమ్మాయి తెనాలిలో ఓ కంప్యూటర్ సెంటర్‌లో ఏడాది పనిచేసింది. ఆరునెలల కిందట మానేసింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. స్నేహితుల బయోడేటాల్లో ఉన్న వాక్యాన్నే తనూ దించేస్తుంది: 'ఐ యామ్ వర్కింగ్ ఇన్ తెనాలి సిన్స్ వన్ ఇయర్.'

అవతల కంపెనీవాళ్లకి అర్థమయ్యేదేమిటి? ఈ అమ్మాయి ఇప్పటికీ అక్కడే పనిచేస్తోందని. వాకబు చేద్దామని తెనాలికి ఫోన్ చేస్తే, 'ఆ అమ్మాయి మానేసి ఆరునెలలైందండీ' అంటారు. అంతే! ఉన్న ఉద్యోగం గురించే అబద్ధం చెప్పిందన్న ముద్ర పడుతుంది. పాపం, ఆమె అబద్ధం ఆడలేదు. ఆమె రాసిన క్రియ ఆడింది. 'ఐ వర్క్డ్ ఇన్ తెనాలి ఫర్ ఎ ఇయర్' అని ఉంటే ఏ గొడవా లేదు.

దీనికి తిరగేసిన కథా ఉంది. మూడేళ్లుగా ఒకేచోట నమ్మకంగా పనిచేస్తున్న కుర్రాడు 'ఐ వర్క్డ్ ఫర్ త్రీ ఇయర్స్' అని రాస్తే, చదివేవాళ్లు 'ఎందుకు మానేశాడో' అని అనుమానపడతారు.

పొలం సంగతే చూడండి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అలాంటి వానల తర్వాత డెల్టా రైతు 'చేలో నీళ్లు నిలిచాయి' అంటే వినేవాడికి విషయం తెలిసిపోతుంది- నీళ్లు ఇంకా ఉన్నాయని. ఆ మాటనే కొడుకు ఇంగ్లిష్‌లో 'వాటర్ స్టుడ్ ఇన్ అవర్ ఫీల్డ్' అని బీమా కంపెనీకి రాస్తే? అప్పుడెప్పుడో నిలిచాయి, ఇప్పుడు లేవన్న అర్థం వస్తుంది. 'వాటర్ హ్యాజ్ బీన్ స్టాండింగ్ ఇన్ అవర్ ఫీల్డ్ ఫర్ ఫైవ్ డేస్' అంటేనే అయిదు రోజులుగా మునిగి, ఇంకా మునిగే ఉన్న చేను కళ్లముందు కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోన్లే తప్పులు దిద్దుతున్నాయిగా అనొచ్చు. నిజమే. కృత్రిమ మేధ వచ్చాక ఉత్తరం మొత్తాన్నీ క్షణాల్లో సరిచేసి పెడుతోంది. కానీ వేమూరు అమ్మాయి వాక్యాన్ని దానికిస్తే ఏం చేస్తుంది? 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ తెనాలి ఫర్ ఎ ఇయర్' అని చక్కగా దిద్దుతుంది. వ్యాకరణం అద్దంలా ఉంటుంది. అబద్ధం మాత్రం అలాగే ఉంటుంది! ఆమె ఉద్యోగం మానేసిందో లేదో యంత్రానికి తెలీదుగా. ఆ సంగతి తెలిసింది రాసే మనిషికే.

ఒకే రూపం... రెండు పనులు

'ఇంగ్లిష్ టెన్సులు నా తలకెక్కవు' అని చాలామంది చిన్నప్పుడే తీర్మానించేసుకుంటారు. పన్నెండు గళ్ల పట్టిక బట్టీపట్టడం, పరీక్షయ్యాక మర్చిపోవడం... ఇదే వరస. అసలు సంగతేమిటంటే, ఆ తప్పుల్లో చాలావాటికి కారణం బద్ధకమో తెలివితక్కువతనమో కాదు. తెలుగు కాలాన్ని ఒకలా పంచుకుంది, ఇంగ్లిష్ ఇంకోలా పంచుకుంది. మనం తెలుగు పంపకాన్ని పట్టుకెళ్లి ఇంగ్లిష్ ఇంట్లో అమలుచేస్తున్నాం.

వేమూరు తాతయ్య మనవరాలిని ఓ ప్రశ్న అడుగుతాడు.

"అమ్మాయ్, మీ నాన్న పొలానికి వెళ్తాడు. ఎప్పుడు?"

"రోజూ వెళ్తాడు తాతయ్యా."

"రేపు?"

"రేపూ వెళ్తాడు."

"చూశావా... రోజుకీ రేపటికీ మనకి మాట ఒక్కటే. ఇంగ్లిష్‌వాడికి రెండు."

అదీ కిటుకు. రోజూ చేసేదానికి 'గోస్', రేపటిదానికి 'విల్ గో'. మన పిల్లలు 'డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్ ఓక్లాక్' అని రాయడానికి కారణం ఇదే. 'లేస్తాను' అన్న మాటకు 'విల్ గెటప్' అని ఒకసారి నేర్చుకున్నాక, అలవాటైన పనికీ అదే వాడేస్తారు. చదివిన ఇంగ్లిష్‌వాడు 'ఓహో, రేపట్నుంచి ఆరింటికి లేవాలని నిర్ణయించుకున్నాడు కాబోలు' అనుకుంటాడు.

పరవస్తు చిన్నయసూరి 1858లో 'బాలవ్యాకరణం'లో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు 'తద్ధర్మం' అనే నాలుగోదాన్నీ చెప్పాడు. సూర్యుడు తూర్పున ఉదయించును, పక్షులు ఎగురును- ఇలా స్వభావాన్ని, అలవాటును చెప్పేది తద్ధర్మం. గ్రాంథికంలో భవిష్యత్తుకు 'చేయగలడు' లాంటి వేరే రూపం ఉండేది. నేటి వాడుకలో మాత్రం 'చేస్తాడు' అన్న ఒక్కమాటే రెండు బరువులూ మోస్తోంది. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో ఆధునిక తెలుగుకు రాసిన ఇంగ్లిష్ వ్యాకరణంలోనూ అలవాటునూ భవిష్యత్తునూ ఒకే కాలం కింద చూపించారు. కాబట్టి 'డైలీ ఐ విల్...' అన్న కుర్రాణ్ని తిట్టేముందు, 'ఇది అలవాటా, రేపటి మాటా?' అని అడగడం నేర్పితే సగం చిక్కు విడిపోతుంది.

'తిన్నాను' కూడా ఇలాంటిదే. 'అన్నం తిన్నావా?' అంటే 'తిన్నాను'. 'నిన్న పెళ్లిలో ఏం తిన్నావు?' అంటే 'గారెలు తిన్నాను'. మొదటిది 'ఇప్పుడు ఆకలి లేదు' అని చెప్పే మాట. ఇంగ్లిష్‌లో 'ఐ హ్యావ్ ఈటెన్'. రెండోది ఎప్పుడో ముగిసిపోయిన ముచ్చట. 'ఐ ఏట్'. నిన్న, పోయినేడు, 2010లో అని సమయం చెప్పారా... ఇక ఆ వాక్యంలోకి 'హ్యావ్'ని రానివ్వకూడదు. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే' తప్పయ్యేది అందుకే. మొదటి సందర్భంలో అమెరికావాళ్లు మాటల్లో 'హ్యావ్' లేకుండా సరిపెట్టుకుంటారు కానీ, నిన్నటిదానికి 'హ్యావ్' తగిలించడం మాత్రం వాళ్లూ ఒప్పుకోరు.

ఇక 'హ్యాడ్'. మనవాళ్లకి అదంటే మహా మోజు. 'ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ యెస్టర్డే' అంటే ఏదో గౌరవంగా ఉంటుందనుకుంటారు. దానికి ఒంటరిగా పనిలేదు. జరిగిపోయిన సంగతులు రెండుండి, అందులో ముందు జరిగిందేదో చెప్పాల్సివచ్చినప్పుడే దాని అవసరం. 'మేం స్టేషనుకి వెళ్లేసరికి రేపల్లె రైలు వెళ్లిపోయింది'- ఇక్కడ రైలు ముందు, మనం వెనక. 'ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్ బిఫోర్ వి రీచ్డ్ ద స్టేషన్.' రైలు తప్పిపోయిన బాధంతా ఆ 'హ్యాడ్'లోనే ఉంది.

గతాన్ని ఇలా ముక్కలుగా కోయడం మన పండితులకు కొత్తేం కాదు. సంస్కృతంలో జరిగిపోయినదానికే మూడు లకారాలున్నాయి. కళ్లతో చూడనిదానికి లిట్టు, ఇవాళ్టిది కాని గతానికి లఙ్, మామూలు గతానికి లుఙ్. వాటిని వల్లెవేసిన తాతయ్యల మనవలకు 'ఏట్', 'హ్యావ్ ఈటెన్', 'హ్యాడ్ ఈటెన్' అనే మూడు ముక్కలు ఓ లెక్కా!

రైలుపెట్టెలు, ఆటోలు

ఒక్కో వాక్యం సరిగానే రాసేవాళ్లు కూడా పేరా రాయమంటే తడబడతారు. 'ఐ గాట్ అప్, వాష్ మై ఫేస్ అండ్ గో టు కాలేజ్' అంటారు. లేవడం నిన్న, మొహం కడుక్కోవడం ఎప్పుడో, కాలేజీకి వెళ్లడం రోజూ... ఒకే వాక్యంలో మూడు ఊళ్లు తిరిగొచ్చినట్టు!

దీని మూలమూ తెలుగులోనే ఉంది. 'లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ తిని, రైలెక్కి, తెనాలి వెళ్లాను.' పనులు అయిదు. కాలం చెప్పింది ఒక్క చివరి మాటే. ఆ 'వెళ్లాను'ని 'వెళ్తాను' అని మార్చి చూడండి. ముందున్న నాలుగూ కిక్కురుమనకుండా భవిష్యత్తులోకి వచ్చేస్తాయి. తెలుగు వాక్యం రేపల్లె రైలు లాంటిది. పెట్టెలు ఎన్నున్నా ఇంజను ఒక్కటే. ఇంగ్లిష్ వాక్యం వరసగా వెళ్లే ఆటోల్లాంటిది. దేని ఇంజను దానిదే. ఒక్కటి ఆగిపోయినా వరస చెదురుతుంది. 'గాట్ అప్, వాష్డ్, ఏట్, క్యాచ్, వెంట్' అని రాస్తే మధ్యలో 'క్యాచ్' ఆగిపోయిన ఆటో అన్నమాట. అదీ 'కాట్' కావాలి.

అయితే, అన్నిటినీ కళ్లుమూసుకుని ఒకే కాలంలో కుక్కేయమనీ కాదు. గురజాడ 'కన్యాశుల్కం' గురించి రాయాలనుకోండి. 1892లో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇవి జరిగిపోయిన సంగతులు, భూతకాలంలోనే ఉండాలి. కానీ నాటకం లోపల గిరీశం వెంకటేశానికి చదువు చెప్పడం మాత్రం ఇంగ్లిష్‌లో 'టీచెస్'. ఎందుకంటే పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ పాఠం మళ్లీ మొదలవుతుంది. ఇదేం వింత కాదు. సినిమా చూసొచ్చి కథ చెప్పేటప్పుడు మనమూ 'హీరో ఊళ్లోకి వస్తాడు, విలన్‌ని చూస్తాడు, కొడతాడు' అనే అంటాం కదా. కథ చెప్పేటప్పుడు 'వస్తాడు', సినిమా ఎప్పుడు చూశావంటే 'నిన్న చూశాను'. కాలం మారవచ్చు. కారణం ఉండాలి, అంతే.

'అని' అనే డబ్బా

తెలుగులో ఒకరి మాటను ఇంకొకరికి చేరవేయడం మహా సులువు. 'రేపు డబ్బు కడతాను అని అన్నాడు.' అతని నోటివెంట వచ్చిన మాటను వచ్చినట్టే డబ్బాలో పెట్టి, 'అని' అనే మూతపెట్టి పంపేస్తాం. లోపల 'రేపు' చెడిపోదు, 'కడతాను' మారదు.

ఇంగ్లిష్‌లో ఆ మూత లేదు. 'హి సెడ్ దట్ ఐ విల్ పే టుమారో' అని ఉత్తరంలో రాశారనుకోండి. చదివినవాడికి రెండు అనుమానాలు. ఆ 'ఐ' ఎవరు? కట్టాల్సింది ఉత్తరం రాసినవాడేనేమో! ఆ రేపు ఏ రోజు? పదిహేను రోజుల కిందటి మాటైతే ఆ రేపు ఎప్పుడో నిన్నయిపోయింది. అందుకే 'హి సెడ్ దట్ హి వుడ్ పే ద నెక్స్ట్ డే' అనాలి. మాట అన్నది గతంలో కాబట్టి, ఆ మాటలోని కాలాన్నీ ఓ మెట్టు వెనక్కి జరపాలి. అప్పులు, అగ్రిమెంట్లు, ఫిర్యాదుల ఉత్తరాల్లో ఈ మెట్టు తప్పితే బాకీ ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తిమీదికి వెళ్లినా ఆశ్చర్యం లేదు.

మందు కూడా ఇంట్లోనే

ఇక్కడిదాకా చదివి 'అయితే తెలుగే అడ్డమన్నమాట' అనుకుంటే అన్యాయం. జబ్బు దొరికినచోటే మందూ దొరుకుతుంది.

'ఐ డిడ్ నాట్ వెంట్' అని చాలామంది రాస్తారు. దీన్ని మాన్పించడానికి పెద్ద సూత్రాలక్కర్లేదు. తెలుగులో 'వెళ్లాను లేదు' అంటామా? అనం. 'వెళ్లలేదు' అంటాం. 'లేదు' వచ్చి కాలం భారాన్ని తను తీసుకోగానే 'వెళ్లాను' కాస్తా వట్టి 'వెళ్ల' అయిపోతుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. 'డిడ్' వచ్చి గతాన్ని భుజానికెత్తుకుంది. ఇక 'గో'కి ఆ బరువెందుకు? 'ఐ డిడ్ నాట్ గో.'

'ఐ యామ్ నోయింగ్ హిందీ', 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్'- ఇవీ తరచూ కనిపించేవే. 'ఇంగ్' తగిలిస్తేనే ఇంగ్లిష్ అన్న భ్రమ! తెలుగు చెవితో ఓసారి విని చూడండి. 'నాకు హిందీ తెలుస్తున్నది' అంటామా? 'తెలుసు' అంటాం. 'ఇద్దరు తమ్ముళ్లు ఉంటున్నారు' అంటే అద్దెకుంటున్నారేమో అనుకుంటారు. 'ఉన్నారు' అంటాం. తెలుసు, కావాలి, ఇష్టం, ఉంది... తెలుగులో 'తున్నాను' పట్టని ఈ మాటలకు ఇంగ్లిష్‌లోనూ 'ఇంగ్' పట్టదు. 'నమ్ముతున్నాను', 'అనుకుంటున్నాను' లాంటి కొన్ని మినహాయింపులు గుర్తుపెట్టుకుంటే చాలు.

'తాతయ్య చిన్నప్పుడు నడిచి బడికెళ్లేవాడు.' ఈ 'వెళ్లేవాడు' ఎంత చక్కని మాటో! ఒకప్పటి అలవాటు, ఇప్పుడు లేదు. ఇంగ్లిష్‌లో అచ్చంగా దీనికే 'యూజ్డ్ టు గో' ఉంది. ఒకప్పటి అలవాటును చెప్పే 'ఏవాడు, ఏది' ఎక్కడ వస్తుందో అక్కడ 'యూజ్డ్ టు' పెట్టేయొచ్చు.

ఊరే ఒక పాఠం

సాధన చేయడానికి ఖరీదైన పుస్తకాలూ కోచింగులూ కావాలా? ఊరిని చూసి నాలుగు వాక్యాలు రాస్తే సరి.

వేమూరు మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 'వేమూరు వాజ్ ఇన్ గుంటూరు డిస్ట్రిక్ట్ అంటిల్ 2022.' ఆ అధ్యాయం ముగిసింది కాబట్టి 'వాజ్'. 'ఇట్ హ్యాజ్ బీన్ ఇన్ బాపట్ల డిస్ట్రిక్ట్ సిన్స్ ఏప్రిల్ 2022.' అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి 'హ్యాజ్ బీన్'. మొదలైన తేదీ చెబితే 'సిన్స్', ఎంతకాలమో చెబితే 'ఫర్'. తెలుగులో రెంటికీ 'నుంచి' ఒక్కటే కాబట్టి ఇక్కడా కాస్త కనిపెట్టుకుని ఉండాలి. 2022కి ముందు పుట్టిన అమ్మాయి 'ఐ వాజ్ బార్న్ ఇన్ గుంటూరు డిస్ట్రిక్ట్, ఐ లివ్ ఇన్ బాపట్ల డిస్ట్రిక్ట్' అని రాస్తే, ఇల్లు మారకుండానే జిల్లా మారిన కథంతా రెండు క్రియల్లో ఇమిడిపోతుంది!

అదే రైల్లో రేపల్లె వైపు వెళ్తే భట్టిప్రోలు. 'ద స్తూప స్టాండ్స్ ఇన్ భట్టిప్రోలు'- స్తూపం ఇప్పటికీ ఉంది, వర్తమానం. 'అలెగ్జాండర్ రే ఫౌండ్ ద రెలిక్ కాస్కెట్స్ ఇన్ 1892'- ధాతుకరండాలు దొరికిన ఏడాది చెప్పాం, భూతం. 'స్కాలర్స్ హ్యావ్ స్టడీడ్ ద స్క్రిప్ట్ ఫర్ ఓవర్ ఎ హండ్రెడ్ ఇయర్స్'- ఆ కరండాల మీది లిపి గురించి అధ్యయనం అప్పట్నుంచీ సాగుతూనే ఉంది. మూడు వాక్యాలు, మూడు కాలాలు.

ఇంట్లో పిల్లలుంటే, ఆదివారం పూట ఓ ఆట ఆడించి చూడండి. పది వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయించి, చేతికి పెన్సిలివ్వండి. క్రియల కింద మాత్రమే గీత గీయమనండి. ఒక్కోదాన్నీ 'నువ్వు ఎప్పటిదానివి? అయిపోయావా, ఇంకా ఉన్నావా, రోజూ వస్తావా, రేపొస్తావా?' అని అడగమనండి. జవాబు చెప్పలేని క్రియ దగ్గర ఆగి, తెలుగులో ఆ మాట ఏమిటో గుర్తుచేసుకోమనండి. తెలుగులో అది ఒకటికి రెండు పనులు చేసే రూపమైతే, తప్పు అక్కడే దాక్కుని ఉండొచ్చు.

స్పెల్లింగు తప్పితే చదివేవాళ్లు సర్దుకుంటారు. కాలం తప్పితే మాత్రం మానేసిన ఉద్యోగం ఉన్నట్టవుతుంది, మునిగిన చేను ఆరినట్టవుతుంది, ఒకరి బాకీ మరొకరిదవుతుంది. ఏ పని ఎప్పుడు జరిగిందో మనకు తెలుసు. అది చదివేవాళ్లకీ తెలియాలంటే... ఉత్తరం మడిచేముందు క్రియలన్నిటినీ ఒక్కసారి పలకరిస్తే చాలు.